తంగేడుకు లేని అంటు మాకెక్కడిది?

పెత్తరమాస వచ్చిందంటే తొమ్మిది రోజులు తెలంగాణ అంతా పూలే. స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ఏ వూరికి పోయినా గునుగు కట్టలు, తంగేడు మోపులు, బంతిపూల తట్టలు. ఎంగిలిపూల నాటి నుంచి సద్దుల దాకా ఆడబిడ్డల చప్పట్లు. పేపర్లు రాస్తయి, టీవీలు చూపిస్తయి, మంత్రులు శుభాకాంక్షలు చెప్తరు. ఇది పూల పండుగ, ప్రకృతి పండుగ, కులం లేని పండుగ అని!

కులం లేని పండుగ అన్న మాట దగ్గరనే మన పేచీ. వాడలో పేర్చిన బతుకమ్మ ఏ తోవన చెరువుకు పోతున్నది? ఎక్కడ ఆగుతున్నది? ఎవరితో కలిసి తిరుగుతున్నది? ఏ మెట్ల మీది నుంచి నీళ్లలోకి దిగుతున్నది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా, కులం లేదని ఎవరన్నా అది పచ్చి అబద్ధం.

అన్ని వూళ్లు ఒక్క తీరుగ లేవు, నిజమే. కొన్ని చోట్ల మనోళ్లు అడిగి, కొట్లాడి కలిసి ఆడుతున్నరు. కొన్ని చోట్ల చదువుకున్న పిల్లలు పట్టుబట్టి తోవ తెరిపించిన్రు. కాని వూరి బతుకమ్మ గుడి ముందట, వాడ బతుకమ్మ వాడలోనే అనే కట్టు ఇంకా తెగని వూళ్లు వున్నయి. దళిత రచయిత్రులు ఈ సంగతి ఏండ్ల తరబడి రాస్తనే వున్నరు. వినేవాడు లేడు. అందుకే మళ్లీ రాయాల్సి వస్తున్నది.

పూలెవరివి?

బతుకమ్మకు మొదటి పువ్వు తంగేడు. దాని తర్వాత గునుగు. ఈ రెండూ ఎవరి పెరట్లోనూ పెంచినవి కావు. గునుగు మెట్ట చేన్లలో, గట్ల పొంటి దానంతటదే మొలుస్తది. తంగేడు గుట్టల మీద, బంజర్లలో, బాటల పక్కన పూస్తది. కలుపుకు పోయే మన ఆడోళ్లకే ఏ చేన్లో గునుగు తెల్లగ విచ్చిందో తెలుసు. గొడ్లు కాసే మన పిల్లలకే ఏ గుట్ట మీద తంగేడు పచ్చగ పూసిందో తెలుసు. తెల్లారకముందు లేచి, మంచులో తడిసి, ముండ్లు గుచ్చుకొని తెంపుకొచ్చి, కట్టలు కట్టి అంగళ్లలో అమ్మేది కూలి జనమే. కొనుక్కపోయేటప్పుడు ఆ చేతుల కులం ఎవరూ అడగరు. పువ్వు మీద చెయ్యి గుర్తు వుండదు గద!

తంగేడు సంగతి ఇంకా చెప్పాలె. ఈ చెట్టుకు పువ్వు ఒక్కటే కాదు, చెక్క కూడా వుంది. మన తాతలు లందలో తోలు పదును పెట్టింది ఆ చెక్కతోనే. పచ్చితోలును సున్నపు నీళ్లలో నానేసి, వెంట్రుక గీకి, కడిగి, తంగేడు చెక్క దంచి పోసిన నీళ్లలో రోజుల తరబడి నానబెట్టేది. చెక్కలోని వగరు తోలులోకి యెక్కితే ఆ తోలు కుళ్లదు, ఏండ్లకేండ్లు పని చేస్తది. ఆ తోలుతోనే రైతు కాలికి చెప్పు, ఎద్దు మెడకు పట్టెడ, బావి మీద మోటబొక్కెన. కరెంటు మోటర్లు రానప్పుడు ఈ ప్రాంతంలో వరి మడి తడిసింది మోటతోనే. మాదిగ పదును పెట్టిన తోలులో నుంచి పారిన నీళ్లతోనే దొర గాదె నిండింది. ఆ నీళ్లకు అంటు లేదు, ఆ వడ్లకు అంటు లేదు.

అదే చెట్టు. పువ్వు బతుకమ్మ నెత్తికెక్కింది. చెక్క లందలో మునిగింది. పువ్వు తెంపిన చెయ్యికి పుణ్యం, చెక్క కొట్టిన చెయ్యికి తరతరాల మైల! 2014 నవంబర్‌లో తంగేడును రాష్ట్ర పుష్పం చేసిన్రు. సంతోషం. తంగేడు పువ్వుకు రాజముద్ర దొరికింది గాని, తంగేడు చెక్కతో బతికిన మనిషికి వూరి చెరువు కట్ట మీద జాగ దొరకలేదు. చెట్టుకు లేని అంటు మనిషికి ఎక్కడి నుంచి వచ్చింది? చెప్పాలె.

ఇంకొక విచిత్రం చూడండి. మొదటి నాటి బతుకమ్మ పేరే ఎంగిలిపూల బతుకమ్మ. పువ్వు ఎంగిలైతే పండుగ! మనిషి ముట్టుకుంటే మాత్రం మైల!

తోవ ఎవరిది?

బతుకమ్మ అంటే ఆడబిడ్డలు తల్లిగారింటికి వచ్చే పండుగ. జనగామకూ కాజీపేటకూ నడుమ వున్న ఈ ఘన్‌పూర్‌కు పేరులోనే స్టేషన్ వుంది. బతుకు కోసం హైదరాబాద్ పోయిన మనోళ్లు మేస్త్రీ పనుల నుంచి, ఇళ్లల్ల పాచిపనుల నుంచి, వాచ్‌మెన్ గదుల నుంచి సద్దులకు ఇంటికి మళ్లుతరు. ప్యాసింజర్ బండిలో కాలు పెట్ట సందు వుండదు. 163 నంబర్ జాతీయ రహదారి మీద వరంగల్ బస్సులు కిక్కిరిసి పోతయి. 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడోళ్లకు టిక్కెట్టు లేదు. మంచి పనిని మంచిదే అందాం. కూలి తల్లి కొంగున నాలుగు పైసలు మిగిలినయి. కాని పండుగ పూట స్పెషల్ బస్సుల పేరు మీద ఒకటిన్నర రెట్లు చార్జీ వసూలు చేసింది కూడా ఆ ఆర్టీసీనే. పెనిమిటికీ ఎదిగిన కొడుకుకూ ఆ చార్జీ పెట్టాల్సింది ఆ తల్లే.

2019లో సద్దుల బతుకమ్మకు ఒక్క రోజు ముందు, అక్టోబర్ 5న, ఆర్టీసీ సమ్మె మొదలైంది. కార్మికుల కోరికలు న్యాయమైనవి. వినని సర్కారు నెలన్నర దాటినా పట్టించుకోలేదు. కారున్నోడు కారులో పోయిండు. బస్సు తప్ప దిక్కులేని జనం ఆటోలకు, జీపులకు అడిగినంత ఇచ్చుకున్నరు. తోవ దొరకడం, దొరకకపోవడం ఏనాడూ అందరికీ ఒక్క తీరుగ వుండదని ఆ పండుగ చెప్పింది.

సరే, యెట్లనో వచ్చినం. హైదరాబాద్ నుంచి ఘన్‌పూర్ దాకా పక్క సీటులో కూర్చున్నోళ్లు ఎవరో మనకు తెల్వదు, మనమెవరమో వాళ్లకు తెల్వదు. రైలుకు కులం తెల్వదు. బస్సుకు తెల్వదు. వంద కిలోమీటర్ల కంటె యెక్కువ దూరం మనుషుల్లెక్క ప్రయాణం చేసి వచ్చినం. వూరి బస్టాండులో కాలు పెట్టంగనే కులం ఎదురొచ్చి సంచి పట్టుకుంటది!

వూరి నడుమ దాకా సిమెంటు రోడ్డు. వాడ మొదట్ల రాంగనే అది తెగుతది, లేకపోతే మోరీ నీళ్లలో మునుగుతది. వూరి బజార్ల లైట్లు వెలుగుతయి, వాడకు మలిగే మూల మీద స్తంభం గుడ్డిది. వాడ నుంచి చెరువుకు దగ్గరి తోవ గుడి ముందు నుంచో, పెద్దిండ్ల బజారు నుంచో పోతది. ఆ తోవన బతుకమ్మ నెత్తిన పెట్టుకొని పోతమంటే పెద్దమనుషులు మెత్తగ చెప్తరు: "ఎందుకు బిడ్డా, అటు పొలాల దిక్కు నుంచి పోండ్రి, జాగ యెక్కువుంటది." పొలాల దిక్కు అంటే చీకటి. పొలాల దిక్కు అంటే జారే గట్లు, పురుగు పుట్ర. నెత్తిన తాంబాళం, చంకల పిల్ల, కాలి కింద బురద. ఇదా ఆడబిడ్డల పండుగ? మెత్తగ చెప్పిన మాట కూడా గోడే. ఆ గోడ కంటికి కనపడదు, అంతే.

ఆట నడుమ గీత

బతుకమ్మ ఆటలో గొప్పతనం ఏమిటి? నడుమ పూలు, చుట్టూ మనుషులు. గుండ్రంగ తిరిగే ఆటకు ముందు లేదు, వెనుక లేదు. తల లేదు, తోక లేదు. పక్కన ఎవరున్నా వాళ్ల అడుగుతో అడుగు కలపాలె, వాళ్ల చప్పట్లతో చప్పట్లు కలపాలె. అటువంటి ఆటను తీసుకొచ్చి అందులో కూడా మెట్లు కట్టిన్రు! గడీల కాలంలో దొరసాని బతుకమ్మ రానిదే ఆట మొదలు కాదన్నరు. గడీలు కూలినయి. విసునూరు దేశ్‌ముఖ్ మీద చిట్యాల ఐలమ్మ తిరగబడ్డ పాలకుర్తి మనకు పొరుగే. 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య నేలకొరిగిన కడివెండి మనకు దగ్గరే. గడీ గోడ కూలింది గాని దాని నీడ చెరువు కట్ట మీద ఇంకా వున్నది.

ఈ పండుగకు చాటింపు వేసేది ఎవరు? డప్పు పట్టిన మాదిగ. వూరి బతుకమ్మలు కదిలినప్పుడు ముందు నడిచేది ఎవరు? మళ్లా ఆ డప్పే. మొగడి డప్పు అందరికంటె ముందట, పెండ్లాం బతుకమ్మ అందరికంటె వెనుక! తెల్లారి కట్ట మీద వాడిన పూలు, పాలిథిన్ కవర్లు, కొబ్బరి చిప్పలు ఊడ్చేది ఎవరు? పంచాయతీ సఫాయి పనిలో వున్న మనోళ్లే. పండుగకు ముందు మనం కావాలె, పండుగ అయినంక మనం కావాలె, పండుగలో మాత్రం వద్దు!

ఆరో నాడు బతుకమ్మ ఆడరు. ఆ రోజు అలిగిన బతుకమ్మ. ఎందుకు అలిగింది అంటే మాంసం తగిలి అలిగిందని ఒక కథ చెప్తరు. దసరా నాడు యాట తెగని ఇల్లు తెలంగాణలో ఎన్ని వున్నయి? మాంసం తినే జనం పేర్చిన పూలకు మాంసమంటే అలిగే గుణం ఎవరు నేర్పిన్రు? పూలకు ఆ గుణం లేదు. నేర్పినోడు పూలు తెంపేవాడు కాదు, పూలకు మంత్రం చదివేవాడు. వూరికి ఒక్క రోజే అలిగిన బతుకమ్మ. వాడకు తొమ్మిది రోజులూ అలిగిన బతుకమ్మే!

అడుగులు కొలిచిన సర్కారు

2011లో సకల జనుల సమ్మె నడిచింది. సెప్టెంబర్ 13 నుంచి అక్టోబర్ దాకా సాగిన ఆ సమ్మె నడుమనే బతుకమ్మ వచ్చింది. బతుకమ్మ రోడ్డెక్కింది. ఆనాడు రోడ్డు మీద తిరిగిన బతుకమ్మల్లో మన ఆడబిడ్డల పాదాలు కూడా వున్నయి, మన డప్పులు కూడా వున్నయి. రాష్ట్రం రావాలంటే అందరి చప్పట్లూ కావాల్సి వచ్చినయి. 2014లో రాష్ట్రం వచ్చింది, బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది. 2016 అక్టోబర్ 8న హైదరాబాద్ ఎల్బీ స్టేడియంలో వేల మందితో ఆడించి గిన్నిస్ రికార్డు అన్నరు. 2017 నుంచి 2023 దాకా యేటేటా చీరలు పంచిన్రు. సర్కారు మారింది. 2025 సెప్టెంబర్ 29న సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగుల బతుకమ్మ పేర్చి, 1354 మందితో ఆడించి మళ్లీ గిన్నిస్ రికార్డు అన్నరు.

ఒక సర్కారు తలలు లెక్కపెట్టింది. ఇంకొక సర్కారు అడుగులు కొలిచింది. వాడ నుంచి చెరువు దాకా వున్న తోవను కొలిచే తీరిక ఎవరికీ లేకపాయె! అందరికీ చీరలు కట్టబెట్టిన్రు గాని అందరినీ ఒక్క ఆటలో నిలబెట్టలేకపోయిన్రు. మిషన్ కాకతీయ కింద 2015 నుంచి చెరువుల పూడిక తీసిన్రు. కొన్ని చోట్ల బతుకమ్మ మెట్లు కూడా కట్టిన్రు. ఆ మెట్లు జనం సొమ్ముతో కట్టినవి. ఆ మెట్ల మీద ఎవరు దిగాలె, ఎవరు దిగొద్దు అని చెప్పే హక్కు ఎవని తాతకూ లేదు.

స్టేషన్ ఘన్‌పూర్ ఎస్సీలకు రిజర్వు అయిన నియోజకవర్గం. కొత్త రాష్ట్రంలో ఉప ముఖ్యమంత్రి పదవి దాకా పోయిన నాయకులు ఈ నేల మీది వాళ్లు. పార్టీలు మారినయి, జెండాలు మారినయి. వాడ తోవ మాత్రం మారలేదు. రిజర్వు సీటు అంటే కుర్చీ మనది, పెత్తనం వాళ్లది అన్నట్టే నడిస్తే ఆ సీటు మనకు దేనికి? ఓట్ల నాడు వాడకు కారు వచ్చే తోవ దొరుకుతది, బతుకమ్మ నాడు వాడ నుంచి చెరువుకు తోవ దొరకదు!

వాళ్ల మాటలు, మన జవాబులు

"అదంతా పాతకాలం, ఇప్పుడెక్కడుంది?" అంటరు. సంతోషం. లేదంటే గ్రామసభలో తీర్మానం రాసి సంతకం పెట్టండి. ఈ వూళ్లె బతుకమ్మ ఒక్కటే చోట, ఒక్కటే తోవ అని చాటింపు వెయ్యండి. లేని అంటు మీద సంతకం పెట్టడానికి చెయ్యి ఎందుకు వణుకుతున్నది?

"మీ బతుకమ్మ మీకుంది, మీ వాడలో మీరు ఆడుకోండి" అంటరు. ఈ మాట మనకు కొత్తది కాదు. హోటల్లో రెండు గ్లాసులు పెట్టిననాడు కూడా ఇదే మాట. మీ గ్లాసు మీకుంది గద అన్నరు. రెండు బావులు, రెండు శ్మశానాలు, ఇప్పుడు రెండు బతుకమ్మలు. వేరు వేరుగ పెట్టడమే అంటరానితనం. అది పూలతో చేసినా అంటరానితనమే.

"పండుగ పూట గొడవెందుకు?" అంటరు. గొడవ మనం మొదలుపెట్టింది కాదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపిన్రు. ఆ నెత్తురు వెనుక వున్నది మంచినీళ్ల చెరువు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను నరికిన్రు. ఆ పగకు నిప్పు రాజుకున్నది సినిమా హాలులో కాలు తగిలిందన్న దగ్గర. చెరువు, తోవ, హాలు. నలుగురు కలిసే జాగల్లో మనం మనుషుల్లెక్క నిలబడ్డ ప్రతిసారీ వాళ్లకు గొడవ కనపడ్డది. అడగడం గొడవ కాదు, ఆపడం గొడవ.

ఇక మనోళ్ల మాట ఒకటి వుంది. "అంబేద్కర్ బిడ్డలకు గౌరమ్మతో ఏం పని? మన పండుగ కాదది, వదిలెయ్యాలె" అంటరు కొందరు అన్నలు. వాళ్ల మాటను తీసిపారెయ్యలేం. 1956 అక్టోబర్ 14న, దసరా నాడే, బాబాసాహెబ్ లక్షల మందితో నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్నడు. ఆ తోవన పోయేవాళ్లు పోవాలె, అది వాళ్ల స్వేచ్ఛ. కాని అదే బాబాసాహెబ్ 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు ఎందుకు తాగిండు? ఆ నీళ్లలో మహత్యం వుందని కాదు. చెరువు అందరిదీ అని చెప్పడానికి. మనంతట మనం వదిలిపెట్టడం వేరు, వాళ్లు గెంటితే బయట వుండడం వేరు. రావొద్దన్నందుకు రాకుండ వుండి, దానికి వైరాగ్యం అని పేరు పెట్టుకుంటే నవ్వేది గడీ దొరే. మనం గౌరమ్మను అడుగుతలేం, తోవను అడుగుతున్నం. వరం అడుగుతలేం, చెరువు కట్ట అడుగుతున్నం.

చట్టం ఏమంటున్నది?

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 15(2) అధికరణం ఇంకా విప్పి చెప్పింది. బావులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు, నలుగురు కలిసే జాగలు, వీటిని వాడుకోవడానికి కులం అడ్డు రావొద్దు అన్నది. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టాన్ని 2015లో సవరించిన్రు. 2016 జనవరి 26 నుంచి అది అమలులో వుంది. అందులో 3(1)(జెడ్‌ఏ) అనే సెక్షన్‌ను ప్రతి వాడలో చదివి వినిపించాలె. చెరువును, తోవను, జనం ఎక్కే బండిని వాడుకోకుండ అడ్డుపడినా, మతపరమైన, సాంస్కృతిక వూరేగింపుల్లో, జాతరల్లో కలవకుండ ఆపినా నేరం. ఎస్సీ, ఎస్టీలు కాని వాళ్లు ఆ పని చేస్తే ఆరు నెలల నుంచి ఐదేండ్ల దాకా జైలు, జరిమానా.

అడిగిన పాపానికి కూలికి పిలవొద్దు, దుకాణంలో సరుకు ఇయ్యొద్దు అని కట్టు పెడితే అది సాంఘిక బహిష్కారం. 3(1)(జెడ్‌సీ) కింద అది కూడా నేరమే. కేసు రాయడానికి ముందుగ విచారణ అవసరం లేదని 2018లో 18ఏ సెక్షన్ చేర్చిన్రు. 2020లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. విధి చెయ్యని అధికారి మీద కూడా 4వ సెక్షన్ కింద కేసు పెట్టొచ్చు. ఇక రోడ్డు, లైటు మాట. 2017 ఎస్సీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం వున్నది. పైసలు లేవన్న మాట చెల్లదు.

కాని అక్కలారా, అన్నలారా, చట్టం కాగితం మీద పడుకుంటది. దాన్ని లేపేది వాడ కమిటీయే.

ఏం చేద్దాం?

ఒకటి. పెత్తరమాసకు నెల ముందే వాడలో కూర్చోవాలె. వాడ నుంచి చెరువు దాకా తోవ నడిచి చూడాలె. ఎక్కడ రోడ్డు తెగింది, ఎక్కడ స్తంభం గుడ్డిది, ఎక్కడ మోరీ పొంగింది, ఏ మెట్టు జారుతది, అన్నీ రాసుకొని పంచాయతీకి, ఎంపీడీవోకు దరఖాస్తు ఇయ్యాలె. దరఖాస్తు ముట్టినట్టు రసీదు తీసుకోవాలె. నోటి మాట నీటి మూట.

రెండు. గ్రామసభలో తీర్మానం అడగాలె: ఒక్క తోవ, ఒక్క కట్ట, ఒక్క ఆట.

మూడు. అడ్డు పడతరన్న అనుమానం వుంటే ముందుగనే ఎస్సైకి, తహసీల్దారుకు రాతమూలకంగ చెప్పాలె. అడ్డుకున్ననాడు తొందరపడి చెయ్యి లేపొద్దు. ఎవరు, ఎన్ని గంటలకు, ఏమన్నరు అన్నది రాసుకోవాలె, సెల్‌ఫోన్‌లో తియ్యాలె. ఠాణాల కాగితం తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపాలె.

నాలుగు. పండుగ నాడు సాయంత్రం బస్సు వూరికి వచ్చి, ఆట అయినంక ఆడబిడ్డలు తిరిగి పోయేటట్టు రాత్రి ట్రిప్పు నడపాలని డిపో మేనేజర్‌ను అడగాలె. పది వాడలు కలిసి అడిగితే బస్సు కదులుతది.

ఐదు. ఇది మన ఇంటి సంగతి. మాలవాడ బతుకమ్మ ఒక దిక్కు, మాదిగవాడ బతుకమ్మ ఒక దిక్కు తిరిగితే పైనోడి గీతను మనమే దిద్దినట్టు. డక్కలి, బైండ్ల, మాష్టి ఆడబిడ్డలను పేరుపెట్టి పిలవాలె. పెనిమిటి చచ్చిపోయిందని ఏ అక్కనూ ఆట పక్కన కూర్చోబెట్టొద్దు. మనం మన ఆటలో ఎవరినీ ఆపకపోతేనే, మనల్ని ఆపేవాళ్లను నిలదీసే నోరు మనకు వుంటది.

ఆరు. చాటింపు వేసే డప్పన్న వూరి పెద్దలను ఒక్క మాట అడగాలె: "ఈ చాటింపులో మా ఇంటి బతుకమ్మ వుందా, లేదా?" లేదంటే డప్పు ఎందుకు మోగాలె?

వచ్చే సద్దులకు వాడ బతుకమ్మ చీకటి గట్ల మీద నుంచి పోవద్దు. వూరి నడిబజారు నుంచి, లైట్ల వెలుగులో, డప్పు ముందుండంగ పోవాలె. కట్ట మీద అందరితో కలిసి తిరగాలె. అందరు దిగే మెట్ల మీది నుంచే నీళ్లలోకి దిగాలె. పూలు కలిసినట్టు మనుషులు కలవలేని వూరు, ఎన్ని అడుగుల బతుకమ్మ పేర్చినా అది పూలను అవమానించినట్టే.

తంగేడు చెక్క మనది. తంగేడు పువ్వు మనది. చెరువు తోవా మనదే!

జై భీమ్!